నాన్న రాసిన నోటు, మిత్రుడికిచ్చిన షూరిటీ, ఐపీ (దివాలా) పిటిషన్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఊళ్లు వేరు, అప్పులు వేరు. అడిగింది మాత్రం ఒకటే: దెబ్బతిన్నాక ఎంతవరకు మనమే మోయాలి, ఎక్కడ సర్కారు ఆదుకోవాలి? నిరుద్యోగం, వృద్ధాప్యం, జబ్బు, వైకల్యం వచ్చిపడినప్పుడు తన ఆర్థిక స్తోమత మేరకు రాజ్యం సాయపడాలని రాజ్యాంగం 41వ అధికరణం చెబుతుంది. దాని కోసం కోర్టుకెక్కడం కుదరదని 37వ అధికరణం చెబుతుంది. కాబట్టి సూత్రాల మీద వాదించుకోవడం కన్నా, చట్టంలో గీత అసలు ఎక్కడ గీశారో చూసుకోవడం మేలు. ఉత్తరాలు చదువుతుంటే తేలిందొకటే. చట్టం అడగని చోట పరువు కోసం బరువు నెత్తికెత్తుకుంటున్నాం. అడిగే చోట నోటీసు కవరు విప్పకుండా సొరుగులో పడేస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారు రెండు నెలల కిందట గుండెపోటుతో పోయారు. వయసు 53. ఊళ్లో ముగ్గురికి మూడేసి లక్షలకు ప్రామిసరీ నోట్లు రాసిచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. పెద్దకర్మ నాడే వాళ్లొచ్చి నోట్లు నా పేరున తిరగరాయమన్నారు. రెండెకరాల పొలం ఉంది. నేను హైదరాబాద్‌లో 31 వేల జీతానికి పనిచేస్తున్నాను. కొడుకునన్నాక తీర్చక తప్పదు కదా? (నల్లగొండ జిల్లా)

నోటు తిరగరాయకండి. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే.

తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న పాత హిందూ న్యాయసూత్రాన్ని మన కోర్టులు చాలాకాలం పాటించాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు సెక్షన్ 6(4) దాన్ని ఎత్తేసింది. ఆ ఏడాది సెప్టెంబర్ 9 తర్వాత చేసిన అప్పుకు, కేవలం కొడుకువన్న కారణంతో ఎవరూ మీ మీద దావా నెగ్గలేరు. మిగిలేది సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 50: చనిపోయినవారి ఆస్తి మీ చేతికి ఎంత వచ్చిందో అంతవరకే బాధ్యత. పొలంలో నాన్నగారి వాటా విలువ అప్పుల కన్నా ఎక్కువైతే అప్పు మొత్తం ఆ వాటా మీద పడుతుంది. తక్కువైతే ఆ వాటాతో సరి. మీ జీతం, మీరు సొంతంగా కొనుక్కున్నవి అందులోకి రావు. ఒక మెలిక ఉంది. పొలం అమ్మేసి డబ్బు వేరే దేనికో వాడేశారనుకోండి, వాడిన మేరకు సెక్షన్ 52 మిమ్మల్నే పట్టుకుంటుంది. అందుకని అప్పుల లెక్క తేలకముందు అమ్మకాలు పెట్టుకోవద్దు.

ఇక తిరగరాస్తే ఏమవుతుందో చూడండి. మూడు లక్షలకు నెల వడ్డీ 6,000. రెండేళ్లు వడ్డీ కట్టని నోటైతే 1,44,000 పేరుకుని ఉంటుంది. కొత్త నోటులో దాన్ని అసల్లో కలిపి 4,44,000 రాయిస్తారు. నెల వడ్డీ 8,880కి ఎక్కుతుంది. అప్పటిదాకా పొలం వరకే ఆగిన బాధ్యత మీ జీతం దాకా వచ్చేస్తుంది. రేపు డిక్రీ (డబ్బు కట్టాలన్న కోర్టు తీర్పు) అయితే జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలి తక్కినది జప్తు చేయవచ్చని సెక్షన్ 60 అంటుంది. మీ 31,000లో 21,000 మిగిలి, నెలకు 10,000 పోతుంది. ఒక డిక్రీ కింద ఇలా 24 నెలల వరకు పట్టుకోవచ్చు.

నోట్లు చూపించమని అడగండి. జిరాక్సు కాదు, అసలు నోటే. ముందు తేదీ చూడండి, తర్వాత తిప్పి వెనక చెల్లు, అంటే కట్టిన సొమ్ము రాసుకున్న చోటు, చూడండి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆలోపు కొంత కట్టి నాన్నగారు వెనక సంతకం పెట్టి ఉంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. మూడేళ్లు దాటాక రాసిన చెల్లు గడువును బతికించదు. గడువు తీరని నోటు మీద ఇప్పుడు మీరు వెయ్యి రూపాయలు ఇచ్చి వెనక సంతకం చేసినా గడువు కొత్తగా మొదలవుతుంది. 'ఊరికే గుర్తుకోసం ఒక చెల్లు వెయ్యి బాబూ' అన్నప్పుడు తడబడేది ఇక్కడే.

సర్కారు వైపు నుంచి రావాల్సినవి రెండు చూసుకోండి. నాన్నగారి పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉంటే రైతు బీమా కింద నామినీకి 5 లక్షలు వస్తాయి. 18 నుంచి 59 ఏళ్ల వారికి వర్తిస్తుంది, ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవాలి. రెండోది బ్యాంకు పాసుబుక్కులో ఉంటుంది. మే నెలాఖరు ప్రాంతంలో 436 రూపాయలు కోత పడిందేమో వెతకండి. పడితే అది జీవన జ్యోతి బీమా, 2 లక్షలు. ఇందులో 50 ఏళ్లలోపు చేరాలి, 55 వరకు రక్షణ ఉంటుంది. ఆయన ముందే చేరి ఏటా కడుతూ వచ్చి ఉంటేనే దక్కుతుంది. ఖాతాలో డబ్బు లేక ఆ ఏడు కోత పడకపోతే బీమా లేనట్టే. జీవిత బీమా సొమ్ముకు జప్తు నుంచి సెక్షన్ 60 రక్షణ ఉంది. అప్పులవాళ్లకు ఆశపెట్టకండి.

ఇవన్నీ తెలిశాక కూడా నాన్న మాట నిలబెట్టాలనిపిస్తే తీర్చండి, తప్పేం లేదు. అప్పుడు కూడా అసలు వరకు మాట్లాడుకుని, డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చి, రద్దు రాయించిన అసలు నోటు చేతికి తీసుకోండి.

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఎత్తేస్తున్నారు. రాజీనామా రాసిస్తే వారంలో లెక్క తేల్చేస్తామంటున్నారు. ఎనిమిదేళ్ల సర్వీసు, జీతం 19,500, అందులో మూలవేతనం, డీఏ కలిపి 12,000. ఈఎస్ఐ కోత ఉంది. పీఎఫ్ తీసేసి ఇంటి అప్పు కట్టేద్దామనుకుంటున్నాను. (తిరుపతి జిల్లా)

రాజీనామా కాగితం విలువ ఎంతో లెక్కేద్దాం. మీరు కార్మికుల కోవలోకి వచ్చి, యాజమాన్యమే తీసేస్తే నెల నోటీసు గానీ బదులుగా నెల జీతం గానీ ఇవ్వాలి. పైగా నిండిన ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం. జీతమంతా వేతనంగా లెక్కకొస్తే నోటీసు 19,500, పరిహారం 78,000. ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం, 90 రోజుల వరకు ఇస్తారు. మీ జీతానికి రోజుకు సుమారు 325 చొప్పున 29,250. మూడూ కలిపితే 1,26,750. 'నా ఇష్టంతో మానుకుంటున్నాను' అన్న ఒక్క వాక్యంతో మొదటి రెండూ పోతాయి, మూడోదానికీ చిక్కొస్తుంది. గ్రాట్యుటీ మాత్రం రాజీనామా చేసినా పోదు. 12,000ను 26తో భాగించి, 15తోనూ ఎనిమిదితోనూ గుణిస్తే 55,385. వారంలో తేల్చేస్తామంటున్న లెక్క ఇదే అయి ఉండవచ్చు. అది ఎలాగూ మీదే, వాళ్లు చేస్తున్న మేలు కాదు.

ఈఎస్ఐ సాయానికి ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత దరఖాస్తు పెట్టాలి. జీవితంలో ఒక్కసారే. దుష్ప్రవర్తన కింద తీసేసినవారికి, స్వచ్ఛందంగా విరమించినవారికి రాదు. ఆధార్‌లో పేరు, ఈఎస్ఐ రికార్డులో పేరు ఒకేలా లేకపోతే క్లెయిము అక్కడే ఆగిపోతుంది కాబట్టి ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోండి. ఈ పథకం గడువును విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు. దరఖాస్తుకు ముందు బ్రాంచి ఆఫీసులో ఒకసారి అడగండి.

పీఎఫ్ జోలికి చివరన వెళ్లండి. కోర్టు జప్తు చేయలేని డబ్బును మీ చేతులతో మీరే బ్యాంకుకు ఇస్తున్నారు. పైగా ఎనిమిదేళ్ల సర్వీసు కదా, ఫారం 10సీ పెట్టి పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ ఎనిమిదేళ్లూ పింఛను లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోతాయి. పింఛనుకు కావాల్సింది పదేళ్లు. అదే ఫారంలో స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే మరోచోట ఇంకో రెండేళ్లు చేసినా సరిపోతుంది.

ఇంటి వాయిదాల సంగతి. 90 రోజులు బాకీ పడితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆ తర్వాతే బ్యాంకు, తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇవ్వగలదు. మూడో వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి, ఉద్యోగం పోయిన ఉత్తరం జతచేసి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. మొండిబాకీ అయ్యాక అడిగితే మేనేజరు చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

ప్రశ్న: నేను ఏటా గడువులోగా పంట రుణం కట్టేస్తాను. కట్టనివాళ్లకు మాఫీ వచ్చింది. బాధ్యతగా ఉండటం మా తెలివితక్కువతనమా? (కర్నూలు జిల్లా)

మీ కోపం న్యాయమైనదే, ముందు లెక్క మాత్రం చూడండి. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతం పడుతుంది. లక్షకు ఏడాదికి 4,000. మాఫీ వస్తుందని ఆగితే ఆ రాయితీ పోతుంది, గడువు దాటిన రోజు నుంచి బ్యాంకు తన మామూలు వడ్డీ వేస్తుంది, కొత్త రుణం పుట్టదు. అప్పుడు ఎరువుల కొట్లో నూటికి రెండు, మూడు రూపాయలకు తెచ్చుకోవాలి. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. 2014లో తెలంగాణలో లక్ష వరకు మాఫీ ప్రకటించి నాలుగు విడతల్లో ఇచ్చారు. మధ్యలో పేరుకున్న వడ్డీ దగ్గర, రెన్యువల్ దగ్గర రైతులు పడ్డ తిప్పలు మీరు చూసే ఉంటారు.

మాఫీకి గురి సరిగా ఉండదన్నది మా అభిప్రాయం. 2008లో కేంద్రం, 2014లో రెండు రాష్ట్రాలు, 2024లో తెలంగాణ రెండు లక్షల వరకు చేసిన మాఫీలన్నీ బ్యాంకు అప్పును చూసి ఇచ్చినవి, ఎండిన చేనును చూసి కాదు. పట్టా లేని కౌలురైతు బయట తెచ్చిన అప్పు ఆ జాబితాల్లోకి రాదు.

అలాగని ఎవరి నష్టం వారిదే అనడానికీ లేదు. ఇల్లు కాలితే ఊరు ఆదుకుంటుంది. కరవొస్తే ఊరంతా ఒకేసారి పడుతుంది, చేయందించేవాడు పక్కింట్లో ఉండడు. సర్కారు పని అక్కడ. ఆ పని కోసం పెట్టినదేమో చాలా చిన్నది. 2022–26 విపత్తు సహాయ ప్రమాణాల్లో పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే వర్షాధారానికి హెక్టారుకు 8,500, నీటిపారుదల ఉంటే 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. మెట్ట ఎకరాకు 3,400 చిల్లర. పంట బీమా అంతకంటే పెద్ద దన్ను. ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా 2 శాతం, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5. రుణం తీసుకున్నా 2020 నుంచి ఇందులో చేరడం రైతు ఇష్టం. వద్దని రాసిచ్చి 'బీమా రాలేదు' అనేవాళ్లూ ఉన్నారు.

క్లెయిములు ఎక్కడ పోతున్నాయంటే: వడగళ్లు, ముంపు లాంటి ఒక్క చేనుకు తగిలే నష్టాన్ని 72 గంటల్లో తెలపాలి, 14447కు ఫోన్ చేసినా సరే. నాలుగో రోజు వ్యవసాయాధికారి వస్తాడులే అని కూర్చుంటే పోయినట్టే. కరవు లాంటి విస్తృత నష్టానికి ఊరు లేదా మండలం యూనిట్‌గా పంటకోత ప్రయోగాల సగటు తీస్తారు. మీ చేను ఎండి, యూనిట్ సగటు బాగుంటే రూపాయి రాదు. ఇది మోసం కాదు, పద్ధతే అంత. ఇంకా ఈ-క్రాప్‌లో (సర్కారు పంట నమోదులో) వేరుశనగ అని ఉండి చేలో పత్తి ఉంటే దేనికీ పనికిరాదు. కౌలుకు చేసేవారు 2019 చట్టం ప్రకారం 11 నెలల సాగుదారు హక్కు పత్రం తీసుకోవాలి. దానికి పట్టాదారు సంతకం కావాలి, తిప్పలంతా ఆ సంతకం దగ్గరే.

ప్రశ్న: తోటి టీచరు బ్యాంకు అప్పుకు షూరిటీ సంతకం పెట్టాను. ఆయన కట్టడం మానేశాడు. ముందు ఆయన ఆస్తి చూశాకే కదా నా దగ్గరికి రావాలి? (ఖమ్మం)

అక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారుదీ అంతే. బ్యాంకు నేరుగా మీ దగ్గరికే రావచ్చు. జీతం స్థిరంగా వచ్చేది మీదైతే ముందు వచ్చేదీ మీ దగ్గరికే. దీనికి ఏ సర్కారు పథకమూ లేదు, ఉండాలని మేమూ అనుకోవడం లేదు.

నోటీసుకు జవాబు మాత్రం రాయండి. అప్పు ఖాతా పూర్తి స్టేట్‌మెంట్ అడగండి. మీ సంతకం లేకుండా రుణ పరిమితి పెంచి ఉంటే, షరతులు మార్చి ఉంటే ఆ తర్వాతి లావాదేవీలకు మీ బాధ్యత ఉండదు (సెక్షన్ 133). ఇంకో షూరిటీ ఉంటే మీ ఇద్దరిదీ సమాన భారం. మీరే కట్టాల్సి వస్తే, కట్టిన రసీదుతో పాటు బ్యాంకు దగ్గరున్న ఆయన తాకట్టు హక్కు కూడా మీ పేరున రావాలని అడగండి, అది సెక్షన్ 141 ఇచ్చిన హక్కు. కట్టిన నాటి నుంచి మూడేళ్లలో ఆయన మీద దావా వేయాలి. మొహమాటంతో ఆ మూడేళ్లు గడిపేయడం మామూలుగా జరిగేది.

ప్రశ్న: దుకాణం మునిగింది, అప్పులు 28 లక్షలు. ఇల్లు నా భార్య పేరున రాసేసి ఐపీ పెట్టమని మా అన్నయ్య సలహా. (విజయవాడ)

ఐపీ సంగతి ఆలోచించవచ్చు. ఇల్లు రాసేసి ఐపీ పెడితే రెండూ చెడతాయి.

2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం కంపెనీలకు హామీ ఉన్నవారికే అమల్లోకి వచ్చింది. మామూలు మనుషులకు ఇప్పటికీ దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అప్పు కనీసం 500 రూపాయలు ఉండాలన్న అంకె కూడా నాటిదే, ఎవరూ మార్చలేదు. పిటిషన్‌లో అప్పులు తీర్చలేనన్న ప్రకటనతో పాటు అప్పులవాళ్లందరి పేర్లు, చిరునామాలు, మొత్తాలు, మీ ఆస్తులన్నీ విలువలతో రాయాలి. ఒక్కరినీ వదలకూడదు, బావమరిది ఇచ్చిన చేబదులుతో సహా.

పిటిషన్ వేసిన మర్నాడే అప్పు పోయిందని ఊళ్లో అనుకుంటారు. పోదు. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటించాలి. అప్పుడు మీ ఆస్తి రిసీవరు చేతికి వెళ్తుంది. వంటసామాను, బట్టలు, పనిముట్లు లాంటి జప్తుకు రానివి మీకే ఉంటాయి. ఆస్తి తాకట్టు పెట్టుకున్న బ్యాంకు హక్కుకు దీంతో ఏమీ కాదు. అరెస్టు నుంచి రక్షణ కావాలంటే సెక్షన్ 31 కింద విడిగా అడగాలి. చివరన విముక్తి ఉత్తర్వు కోసం కోర్టు చెప్పిన గడువులో దరఖాస్తు పెట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గడువు దాటితే దివాలా ప్రకటనే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ గుమ్మంలో ఉంటారు. విముక్తి వచ్చినా సర్కారు బాకీలు, మోసంతో చేసిన అప్పులు పోవు. చెక్కు బౌన్స్ కేసు క్రిమినల్ కాబట్టి అదీ ఐపీతో ఆగదు. చెక్కు నోటీసు వస్తే కట్టడానికి ఉన్నది 15 రోజులే.

మీరడిగిన ఇంటి సంగతి సెక్షన్ 53లో ఉంది. ఊరికే రాసిచ్చిన రెండేళ్లలోపు దివాలా పిటిషన్ పడితే ఆ బదిలీని కొట్టేయవచ్చు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికే ముట్టజెప్పినా అంతే. ఆస్తి దాచితే ఏడాది వరకు జైలు.

'ఎంత మన తప్పు' అన్న ప్రశ్నకు ఈ పాత చట్టం సెక్షన్ 42లో నేరుగా జవాబిస్తుంది. ఆస్తి అప్పులో రూపాయికి ఎనిమిదణాల (సగం) పాటి కూడా లేకపోతే విముక్తి పూర్తిగా ఇవ్వరు. అది తన తప్పు వల్ల కాదని నిరూపించుకుంటే ఇస్తారు. మూడేళ్ల ఖాతా పుస్తకాలు లేకపోయినా, మునిగానని తెలిసీ వ్యాపారం సాగించినా, దుబారా, జూదం వల్ల మునిగినా అడ్డే. అంటే మీకిప్పుడు కావాల్సింది గిఫ్టు డీడు కాదు, మూడేళ్ల జమాఖర్చుల పుస్తకం, కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఇక్కడ సాయం చేసేది ఖజానా కాదు, బాకీ వదులుకునే అప్పులవాళ్లే. అందుకే కోర్టు అంతగా ఆరా తీస్తుంది.

ప్రశ్న: మా అమ్మ మీద నోటు దావాలో డిక్రీ అయింది. కట్టకపోతే జైల్లో పెట్టిస్తామంటున్నారు. (ఏలూరు)

పెట్టించలేరు. డబ్బు డిక్రీకి మహిళను అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 56 చెబుతోంది. మగవారినైనా, కట్టగలిగీ ఎగ్గొడుతున్నారని రుజువైతేనే పంపగలరు, అదీ గరిష్ఠంగా మూడు నెలలు. లేమి వల్ల కట్టలేనివారిని జైలుకు పంపరాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఇంట్లో సామాను, ఉంటే జీతం జప్తు చేయమని మాత్రం ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయవచ్చు. సమన్లు వస్తే ఆ వాయిదాకు వెళ్లి ఆదాయం, ఆస్తి వివరాలతో అఫిడవిట్ వేయండి, నెలసరి వాయిదాలు అడగండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది, 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు డిక్రీ కాపీ, వచ్చిన సమన్లు కవరుతో సహా పట్టుకెళ్లండి. అందిన తేదీ కవరు మీదే ఉంటుంది.